ఆస్తమా, అలర్జీ మందులు వాడుతున్న పెద్దవాళ్లకు: మీరు ఊహించని మార్పులేమైనా వచ్చాయా?

వేకువ

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. ఐదు నెలలుగా రోజూ రాత్రి ఒక అలర్జీ మాత్ర వేసుకుంటున్నాను. పొద్దున లేవగానే వరసగా వచ్చే తుమ్ములు తగ్గాయి, మూసుకుపోయిన ముక్కు తెరుచుకుంది. ఆ మేలు నేను కాదనను.

మూడో వారం దాటాక కలలు మొదలయ్యాయి. చంటిబిడ్డను ఎక్కడో వదిలేసి వచ్చినట్టు, ఎక్కడ వదిలానో గుర్తుకు రానట్టు, మళ్లీ మళ్లీ అదే కల. మా పిల్లలిద్దరూ ఎదిగినవాళ్లు. అయినా రాత్రి మూడింటికి లేచి వాళ్ల గదిలోకి వెళ్లి చూసి వస్తే తప్ప మనసు కుదుటపడేది కాదు. పగలు మరో రకం బాధ. చిన్న మాటకే కళ్లలో నీళ్లు, ఆ వెంటనే కోపం. ఒకరోజు మా ఆయన "నువ్వు ఇలా ఉండేదానివి కాదు" అన్నారు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. వయసు వల్ల అనుకున్నాను, ఉద్యోగం వల్ల అనుకున్నాను, చివరికి నా స్వభావమే చెడిపోయిందనుకున్నాను.

నిన్న మాత్రల పెట్టెలో మడిచి ఉన్న కాగితాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. పీడకలలు, చిరాకు, కుంగుబాటు అన్నీ అందులో ఉన్నాయి. చదువుతూ ఏడ్చాను. ఇంకెవరికైనా ఇలా జరిగిందా? ఈ ఒక్క మందుతోనే అని కాదు. ఆస్తమాకు, అలర్జీకి వాడే ఏ మందుతో మీకు ఏ మార్పు వచ్చినా దయచేసి రాయండి.

పాతకలం

వేకువ గారూ, నేను ముప్పై ఏళ్లకు పైగా ఫార్మసిస్టుగా పనిచేసి విరమించాను. మీరు పేరు రాయలేదు కానీ అది మాంటెలుకాస్ట్ అయి ఉంటుంది. అలర్జీ సమయంలో శరీరంలో పుట్టే ల్యూకోట్రయీన్లు శ్వాసనాళాలను బిగిస్తాయి, ముక్కు లోపలి పొరను వాపెక్కిస్తాయి. ఈ మాత్ర వాటిని అడ్డుకుంటుంది. అమెరికాలో దీనికి 1998లో అనుమతి వచ్చింది. మనసు మీద దీని ప్రభావం గురించి 2009లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక చేర్పించింది. 2020 మార్చిలో దాన్ని నల్ల గీతల చట్రంలో అచ్చువేసే హెచ్చరికగా పెంచింది. మందుల కాగితం మీద అంతకన్నా గట్టి హెచ్చరిక ఉండదు. పీడకలలు, నిద్రలో నడవడం, ఆందోళన, దూకుడు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు అందులో ఉన్నాయి. ఇంతకుముందు మానసిక సమస్య ఏదీ లేనివారికి కూడా రావచ్చని స్పష్టంగా రాశారు.

నాకు రెండు విషయాలు చెప్పండి. మీకు ఆస్తమా ఉందా, ముక్కు అలర్జీ మాత్రమేనా? మీ మాత్ర అట్ట మీద ఒక పేరు ఉందా, రెండా?

జవాబు రాసే లోపల మీ డాక్టరుకు ఫోను చేయండి. రేపు కాదు, ఇవాళే. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఫోనుతో ఆగకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

నడకదారి

నాది వేరే అనుభవం. పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకే నాకు పిల్లికూతలు వచ్చేవి. మాంటెలుకాస్ట్ వాడబట్టి ఆరేళ్లయింది. ఒక్క చెడ్డ కల లేదు, ఒక్క చెడ్డ రోజు లేదు. ఈ మందు లేకపోతే నేను ఇంట్లో కూర్చుని ఉండేవాణ్ని.

వేకువ గారి బాధను నేను కాదనడం లేదు. ఇలాంటి చర్చలు చదివి కొందరు ఆస్తమా మందులన్నీ ఒకేసారి మానేస్తారేమోనని భయపడుతున్నాను. మా అన్నయ్య అలాగే మానేసి, వారం తిరగకుండా అర్ధరాత్రి ఆక్సిజన్ పెట్టించుకున్నారు. ఆ రాత్రి ఆయన పెదవులు నీలంగా మారడం నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

పాతకలం

నడకదారి గారూ, మీ అనుభవమూ నిజమే. మాంటెలుకాస్ట్ వాడేవారిలో ఎక్కువమందికి ఈ ఇబ్బంది రాదు. వచ్చినవారు దాన్ని మందుతో ముడిపెట్టుకోకపోవడమే చిక్కు. దద్దుర్లు వస్తే మాత్రను అనుమానిస్తాం. కోపం వస్తే మనల్ని మనమే అనుమానించుకుంటాం.

స్వరజతి

నేను సంగీతం నేర్పుతాను. ఆస్తమాకు స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ ఉదయం రెండు పీల్పులు, సాయంత్రం రెండు. ఊపిరి బాగా కుదిరింది. నాలుగో నెలలో పై స్థాయి అందుకోబోతే గొంతు జారిపోవడం మొదలైంది. తర్వాత మాట్లాడినా బొంగురే. శిష్యుల ముందు ఒక వరస పాడి చూపించలేక హార్మోనియం మీద వాయించి సరిపెట్టిన రోజులున్నాయి. గొంతు పోయిందంటే నా బతుకే పోయినట్టు.

ముందు నాలుక మీద తెల్లటి పూత కనిపించింది. అది ఫంగస్ వల్ల వచ్చేదని, ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మాలని డాక్టరు చెప్పారు. ఆ మాట నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. పుక్కిలిస్తే పూత పోయింది కానీ గొంతు మాత్రం రాలేదు. కారణం తర్వాత తెలిసింది. పుక్కిలించే నీళ్లు స్వరతంత్రుల దాకా వెళ్లవు, పీల్చిన మందు మాత్రం వాటి మీద పేరుకుంటుంది. నాది పొడి రూపంలోని ఇన్‌హేలర్. దాని బదులు తుంపర వచ్చే ఇన్‌హేలర్ ఇచ్చి, దానికి స్పేసర్ గొట్టం (తుంపర నేరుగా గొంతుకు తగలకుండా మధ్యలో నిలిచే గొట్టం) తగిలించి పీల్చమన్నారు. ఆస్తమా అదుపులో ఉంది కనుక డోసు కూడా ఒక మెట్టు దించారు. ఆరేడు వారాల తర్వాత ఒక ఉదయం తార షడ్జమం నిలబడింది. ఆ రోజు ఎవరికీ పాఠం చెప్పలేదు, ఒక్కదాన్నే కూర్చుని పాడుకున్నాను.

పాడేవారు, పాఠాలు చెప్పేవారు, ఫోనులో మాట్లాడడమే ఉద్యోగమైనవారు ఎవరైనా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మొదలుపెడుతుంటే మీ గొంతు అవసరమేమిటో డాక్టరుకు ముందే చెప్పండి.

గవ్వ

నాది చిన్న సందేహం. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ తీసుకున్నాక అరగంట పాటు చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఈ మధ్య రాత్రిళ్లు పిక్కలు కూడా పట్టేస్తున్నాయి. దీనికీ దానికీ సంబంధం ఉందా?

పాతకలం

ఉంది, గవ్వ గారూ. సాల్బుటమాల్ ఏ గ్రాహకాలను (కణాల మీద మందు అతుక్కునే చోట్లను) తాకి శ్వాసనాళాలను వదులు చేస్తుందో అవే బీటా-2 గ్రాహకాలు మన కండరాల్లోనూ ఉన్నాయి. చేతుల వణుకు అందువల్లే. డోసు ఎక్కువైతే రక్తంలోని పొటాషియం కణాల్లోకి వెళ్లిపోయి, రక్తంలో తగ్గుతుంది. పిక్కలు పట్టడానికి అది ఒక కారణం కావచ్చు. ఒక రక్త పరీక్షతో తెలిసిపోతుంది. ఒంట్లోని నీరు మూత్రంగా పోవడానికి మాత్రలు వాడేవారైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

ఇంతకీ నెలకు ఎన్ని డబ్బాలు అవుతున్నాయి?

గవ్వ

నెలకు ఒకటి. ఒక్కోసారి అంతకన్నా కొంచెం ఎక్కువ. వేరే మందులేమీ వాడడం లేదు. ఇదొక్కటే.

చిరుజల్లు

నేను శ్వాసకోశ వైద్యురాలిని. ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను, ఇక్కడ మాత్రం రాయకుండా ఉండలేకపోయాను.

గవ్వ గారూ, మీ విషయంలో చేతుల వణుకు చిన్న సమస్య. ఒక సాల్బుటమాల్ డబ్బాలో మామూలుగా 200 పీల్పులుంటాయి. నెలకు ఒక డబ్బా అంటే రోజుకు ఆరేడు సార్లు పీల్చినట్టు. ఆస్తమాపై అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే గినా 2019 నుంచి పెద్దవాళ్లకు ఈ ఉపశమన ఇన్‌హేలర్ ఒక్కదాన్నే ఇవ్వవద్దంటోంది. ఏడాదికి మూడు డబ్బాలకు చేరితేనే తీవ్రమైన ఆస్తమా దాడి వచ్చే ముప్పు పెరుగుతుంది. పన్నెండుకు చేరితే ప్రాణానికే ముప్పు పెరుగుతుంది. మీరు ఆ పన్నెండు దగ్గర ఉన్నారు. సాల్బుటమాల్ శ్వాసనాళాలను కాసేపు వదులు చేస్తుంది, లోపలి వాపును ముట్టుకోదు. మీకు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కావాలి. ఉన్న డబ్బాను పారేయకండి, వెంటనే మీ డాక్టరును కలవండి. మీరు ఈ వారంలో వెళ్లానని ఇక్కడ రాస్తే నాకు నిశ్చింత.

నీలాటిరేవు

మా నాన్నగారి గురించి రాస్తున్నాను. ఆయనకు 74 ఏళ్లు. ప్రొస్టేట్ గ్రంథి కొంచెం పెరిగి ఉంది. ముక్కు కారుతోందని ఇంట్లో ఉన్న క్లోర్‌ఫెనిరమిన్ మాత్రలు నేనే ఇచ్చాను. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మాత్ర అది. పూటకొకటి చొప్పున మూడు రోజులు వేసుకున్నారు.

రెండో రాత్రి ఆయన నన్ను మా అత్తయ్య పేరుతో పిలిచారు. నిద్రమత్తులో అన్నారనుకున్నాను. మూడో రోజు పొద్దుటి నుంచి మూత్రం రాలేదు. మొహమాటంతో సాయంత్రం దాకా నాకు చెప్పలేదు. పొట్ట కింది భాగం రాయిలా గట్టిపడింది. ఆసుపత్రిలో గొట్టం వేసి మూత్రం తీశారు. ఇంటికి వచ్చిన రెండు రోజులకు మళ్లీ మామూలు మనిషి అయ్యారు. అంతవరకు మతిమరుపు జబ్బు మొదలైందేమోనని వణికిపోయాను.

పాత తరం అలర్జీ మాత్రలు మూత్రాశయ కండరాన్ని మందగింపజేస్తాయని, వృద్ధుల్లో తికమక తెస్తాయని అక్కడ చెప్పారు. జలుబు మాత్రలు చాలావాటిలో ఇవి కలిపే ఉంటాయట. ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరికీ ఇది చేరాలని రాస్తున్నాను.

చిరుజల్లు

నీలాటిరేవు గారూ, మీరు తప్పు చేశానని అనుకోవద్దు. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ లాంటివి మెదడులోకి సులువుగా చేరతాయి. నోరు ఎండడం, మలబద్ధకం, మూత్రం ఆగడం, మతి తప్పడం అన్నీ ఒకే గుణం వల్ల, అంటే అసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనాన్ని అడ్డుకోవడం వల్ల వస్తాయి. అరవై అయిదు దాటినవారికి వీలైనంతవరకు వీటిని ఇవ్వం. ఫెక్సోఫెనడిన్, లోరాటడిన్ లాంటివి మెదడులోకి అంతగా వెళ్లవు. ఉబ్బసానికి పీల్చే ఇప్రాట్రోపియం, టియోట్రోపియం కూడా కొందరికి మూత్రం ఆపుతాయి. వాటి తుంపర కంట్లో పడితే, కంటి ఒత్తిడి పెరిగే తత్వం ఉన్నవారికి ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పి పుట్టవచ్చు. నెబ్యులైజర్ (మందును తుంపరగా మార్చే యంత్రం) మాస్కు ముఖానికి సరిగ్గా అతికిందో లేదో చూడమనేది అందుకే.

తొలకరి

మా ఇంట్లో జరిగింది వింటే ఆశ్చర్యపోతారు. మా ఆయన ఇరవై ఏళ్ల సిగరెట్ అలవాటు మానేశారు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. పది రోజులకు వాంతులు, గుండె దడ, రాత్రంతా నిద్ర లేదు. సిగరెట్ మానినందుకే శరీరం గోల చేస్తోందని అందరూ అన్నారు. ఆయన కూడా అదే నమ్మి, మళ్లీ కాల్చడానికి సిద్ధపడ్డారు. చివరికి చూస్తే కారణం ఆయన ఎన్నాళ్లుగానో వాడుతున్న థియోఫిలిన్ మాత్ర. పొగ తాగేవారి కాలేయం ఆ మందును త్వరగా కరిగించేస్తుందట. మానేయగానే ఆ వేగం తగ్గి, పాత డోసే ఎక్కువైపోయింది. డోసు తగ్గించాక రెండు రోజుల్లో తేరుకున్నారు. సిగరెట్ మళ్లీ ముట్టలేదు.

పాతకలం

తొలకరి గారూ, మీరు ఇది రాసినందుకు ధన్యవాదాలు. థియోఫిలిన్ విషయంలో పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు దాటితే ప్రమాదం మొదలవుతుంది. మరీ పెరిగితే మూర్ఛలు కూడా వస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ కూడా దాని మట్టాన్ని ఇలాగే పెంచుతాయి. అలవాటు మార్చుకున్నా, కొత్త మందు మొదలుపెట్టినా, ఏ పాత మందులు వాడుతున్నారో డాక్టరుకు చెప్పాలి.

గడపమల్లె

ముక్కు దిబ్బడకు వేసుకునే జైలోమెటాజోలిన్ చుక్కల గురించి ఎవరూ రాయలేదు. నేను ఎనిమిది నెలలు వేసుకున్నాను. మొదట రాత్రికి ఒకసారి, చివరికి నాలుగు గంటలకోసారి. జేబులో సీసా లేకపోతే కాలు బయట పెట్టలేకపోయాను. దిబ్బడ తెస్తున్నది ఆ చుక్కలేనని ముక్కు డాక్టరు చెబితే మొదట నమ్మలేదు. మూడు నుంచి అయిదు రోజులు దాటితే ముక్కులోని పొర తిరగబడి ఇంకా ఎక్కువగా వాస్తుందట. స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టించి, ముందు ఒక ముక్కు రంధ్రంలో చుక్కలు ఆపించారు, వారం తర్వాత రెండోదాంట్లో. ఆ వారం నరకం. ఇప్పుడు ఏ సీసా లేదు.

వేకువ

అందరి మాటలూ చదివాను. నేను ఒంటరిని కానని తెలిసింది, అదే పెద్ద ధైర్యం. పాతకలం గారూ, నాకు ఆస్తమా లేదు, ముక్కు అలర్జీ మాత్రమే. అట్ట మీద రెండు పేర్లున్నాయి: మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్. నేను ఒక మందు వేసుకుంటున్నాననుకున్నాను. నిజానికి రెండు.

ఆ రోజే డాక్టరుతో మాట్లాడాను. మాత్ర ఆపేసి ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే వాడమన్నారు. ఆపి నాలుగు రోజులైంది. నిన్న రాత్రి కల రాలేదు. కానీ మొన్నటి నుంచి ఒళ్లంతా దురద. దద్దుర్లు లేవు, ఎరుపు లేదు. అరచేతులు, పాదాలు, తలలో కూడా. గోకి గోకి చేతుల మీద గీతలు పడ్డాయి. జీవితంలో ఎప్పుడూ నాకు చర్మ అలర్జీ లేదు. ఇదేమిటి?

చిరుజల్లు

వేకువ గారూ, కంగారు పడకండి. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ నెలల తరబడి రోజూ వాడి ఒక్కసారిగా ఆపినవారిలో కొద్దిమందికి, ఆపిన కొన్ని రోజుల్లోనే ఇలా తీవ్రమైన దురద వస్తుంది. ఇంతకుముందు దురద ఎరగనివారికి కూడా. 2017 నుంచి 2023 వరకు తమకు చేరిన 209 కేసులను పరిశీలించి, 2025 మేలో ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికను కాగితం మీద చేర్చమంది. కోట్లమంది వాడే మందుకు ఇది చాలా తక్కువ సంఖ్య. కానీ గోకుతూ తెల్లవార్లూ మేలుకునే మనిషికి సంఖ్య ఓదార్పునివ్వదు.

అదే మందును మళ్లీ మొదలుపెడితే ఎక్కువమందికి దురద తగ్గింది. ఆ తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ మానగలిగినవారు కొందరున్నారు. మీకు మళ్లీ మొదలుపెట్టాలంటే లెవోసెట్రిజిన్ ఒక్కటే ఉన్న మాత్ర కావాలి. పాత పెట్టె తెరవకండి, అందులో మాంటెలుకాస్ట్ ఉంది. మీ డాక్టరుకు ఇదంతా చెప్పి ఆయన చెప్పినట్టు చేయండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా అది వేరే విషయం, ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకొకటి. ముక్కు అలర్జీ మాత్రమే ఉన్నవారికి వేరే మందులు పనిచేయనప్పుడు, లేదా పడనప్పుడే మాంటెలుకాస్ట్ ఇవ్వాలని 2020 నాటి ఆ హెచ్చరికలోనే ఉంది. మళ్లీ ఏ డాక్టరైనా ఆ మందు రాయబోతే మీకు ఏం జరిగిందో ముందుగా చెప్పండి.

మంచుదారి

నేను సెట్రిజిన్ మూడేళ్లుగా వాడుతున్నాను. మధ్యలో రెండుసార్లు ఆపి చూశాను, రెండుసార్లూ ఇదే దురద. "చూశావా, అలర్జీ ఇంకా పోలేదు" అని మళ్లీ మొదలుపెట్టాను. అది మందు ఆపడం వల్ల వచ్చిన దురద అయి ఉండవచ్చని ఇవాళ ఇక్కడ చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. చిరుజల్లు గారూ, నేనూ మా డాక్టరుతో మాట్లాడతాను.

గవ్వ

డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చాను. రక్త పరీక్షలో పొటాషియం తక్కువగానే ఉంది. స్టెరాయిడ్, శ్వాసనాళాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిపిన ఇన్‌హేలర్ ఇచ్చారు. స్వరజతి గారు రాసింది గుర్తుంచుకుని ప్రతిసారీ పుక్కిలిస్తున్నాను. పది రోజులైంది. పాత ఇన్‌హేలర్‌ను రెండుసార్లే తీశాను. నిన్న సంతకం పెడుతుంటే చెయ్యి కదలకుండా నిలబడింది.

వేకువ

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. లెవోసెట్రిజిన్ ఒక్కటే మళ్లీ మొదలుపెట్టిన రెండో రోజుకే దురద ఆగింది. మూడు వారాలు రోజూ వేసుకుని, తర్వాత రోజు విడిచి రోజు, ఇప్పుడు మూడు రోజులకోసారి. కాస్త దురద ఉంది, భరించగలను. స్ప్రే మొదట్లో ముక్కు నుంచి రక్తం తెప్పించింది. కుడిచేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమచేత్తో కుడి రంధ్రంలో కొట్టుకోమన్నారు, మధ్య గోడకు తగలకుండా. ఆ తర్వాత రక్తం రాలేదు.

ఆ కల వచ్చి నెల దాటింది. మొన్న రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది. అలవాటుగా పిల్లల గది వైపు నడిచి, తలుపు దగ్గరే ఆగిపోయాను. భయం లేదు. వెనక్కి వచ్చి పడుకున్నాను. ఆ కాగితంలో ఏముందో మా ఆయనకు చదివి వినిపించినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా మందుల పేర్లు, మొదలుపెట్టిన తేదీలు ఒక కాగితం మీద తనే రాసి అలమారా తలుపు లోపల అంటించారు. కింద కొంత చోటు ఖాళీగా వదిలారు, నాలో ఏదైనా మార్పు కనిపిస్తే తను రాయడానికట.